బ్రేకు తొక్కితే మోగిన బండి

ఒక ఆదివారం మేడ్చల్‌లో మా చర్చి మౌన ప్రార్థన చేసుకుంటుండగా వీధి వీధంతా ఉలిక్కిపడింది. ఆ ఘనకార్యం నాదే. జరిగిందంతా చెబుతాను. నవ్వదలచుకుంటే నన్ను చూసి నవ్వండి, మా బాపును మాత్రం వదిలేయండి.

రావల్కోల్‌లో మా ఇంటి వెనక, టార్పాలిన్ కింద, బాపు పాత పికప్ బండి ఏళ్ల తరబడి నిద్రపోతుండేది. ఒకప్పుడు అందులోనే ఆయన మార్కెట్‌కు కూరగాయలు తోలేవాడు, నన్ను బడికి దింపేవాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ గడప దాటడం మానేసింది. కుంటుతూ నలుగురిలోకి వెళ్లడం ఆమెకు నామోషీ.

"మన బండి బాగుజేస్తె చర్చికి వస్తవా?" అని అడిగాడు బాపు.

"వస్త. కని సప్పుడు గాకుండ పొయ్యి ఎనక బల్ల మీద కూసుంట. నన్నెవ్వరు సూడొద్దు."

అంతే, తండ్రీకూతుళ్లం రంగంలోకి దిగాం. ఇంజను ఆయన వంతు, వైర్లు నా వంతు. తుర్కపల్లిలో ల్యాబు ఉద్యోగం చేస్తున్నదాన్ని, నాలుగు వైర్లు నాకో లెక్కా అనుకున్నాను. అవేమో అన్నీ మట్టిరంగుకు తిరిగి, చల్లారిన సేమ్యాలా చిక్కుపడి ఉన్నాయి.

"నిమ్మలంగ సూసి కలుపు బిడ్డా."

"నువ్వు పరేషాన్ గాకు బాపూ!"

ఆదివారం పొద్దున బండి స్టార్టయింది. హారన్ నొక్కితే మాత్రం మోగలేదు. హ్యాండ్ బ్రేకు ఇంకా బిగించలేదు. చర్చికి పోవడానికి అవన్నీ ఎందుకులే అని అమ్మను మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరాం.

మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి "బాఁయ్" మంది.

"హారన్ బాగైంది బాపూ!" అన్నాను గర్వంగా.

"నేను ఒత్తనే లేదు గదనే!"

రెండో దాని దగ్గర మళ్లీ మోగాక నా బుర్ర వెలిగింది. బ్రేకు లైటుకు పోవాల్సిన వైరును హారన్‌కు కలిపాను! ముందు పోతున్న స్కూటరాయన తిరిగి చూసి, "ఏందయ్యా గా మోత? జర ఆగరాదా!" అని అరిచాడు.

"ఆగుతున్న గాబట్టే మోగుతాందన్నా!" అని మొరపెట్టుకున్నాడు బాపు.

చర్చి ముందు రోడ్డు ఏటవాలుగా ఉంటుంది, దిగువన మురికికాలువ. లోపల పాస్టరుగారు అందరినీ కళ్లు మూసుకోమన్నారు. ఇక్కడ బాపు బ్రేకు తొక్కాడు. తాళం తీసినా మోత ఆగలేదు.

"బాపూ, కాలు తియ్యి!"

"తీస్తె మోరీల వడ్తం! రాళ్లు వెట్టు, జల్దీ!"

బండిని గేరులో ఉంచితే సరిపోతుందని ఆ కంగారులో ఇద్దరికీ తోచలేదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని రాళ్ల కోసం పరుగెత్తాను. చక్రాల కింద రాళ్లు పెట్టి తలెత్తేసరికి చర్చి చర్చంతా గేటు దగ్గరుంది.

"ఎవలు జేసిన్రు గీ పని?" అన్నారు పాస్టరుగారు.

నేను నోరు తెరిచేలోపే బాపు చెయ్యెత్తాడు. "నేనే అయ్యగారూ. కండ్లు సరిగ ఆనుతలెవ్వు. వైర్లు అటిటు కలిపిన."

ఇంతలో ఎవరో కేకేశారు: "అయ్యో వదినా, నువ్వా! ఎన్నొద్దులాయె నిన్ను సూసి!" ఆడవాళ్లంతా బండిని చుట్టుముట్టి, చెరో చెయ్యీ పట్టుకుని అమ్మను దింపారు. తిన్నగా తీసుకుపోయి ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. కొంగు నోటికి అడ్డుపెట్టుకున్న అమ్మ భుజాలు వణుకుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే నవ్వు! ఆపరేషన్ తర్వాత అమ్మ నవ్వగా చూడటం అదే మొదలు.

తిరిగి వస్తూ, "ఇంటికి పోంగనే వైర్లు సరిజేస్తనమ్మా" అన్నాను.

"రేపు జేద్దువు తీయ్," అంటూ అమ్మ బాపు వైపు తిరిగింది. "ఏమయ్యా, మా అక్కోళ్ల గల్లీలకెల్లి పోనియ్యి. ఆల్లింటి ముంగట బ్రేకు జర గట్టిగ తొక్కు."

అందుకని, ఆ బండి స్టీరింగు మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరెప్పుడూ వైరన్నది ముట్టుకోను. అమ్మ అడిగితే తప్ప.