కొబ్బరికాయ కొట్టే చెయ్యి

నా చెయ్యి మంచిదని మా పల్లెలో ఒక నమ్మకం. అది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా నాయన చేనులో బోరు వేయించాడు. బోరు లారీ పని మొదలుపెట్టే ముందు, తవ్వాల్సిన పాయింట్ దగ్గర పసుపు కుంకుమ చల్లి కొబ్బరికాయ కొట్టడం మావైపు ఆచారం. ఎవరు కొడితే నీళ్లు పడతాయని పేరుంటుందో వాళ్లను వెతికి పిలుచుకొస్తారు. ఆ రోజు రావలసిన పెద్దమనిషి రాకపోవడంతో కాయ నా చేతిలో పెట్టారు. నీళ్లు పడ్డాయి. పక్కచేను ఆసామి, వరసకు నాకు చిన్నాయన, మరుసటి ఎండాకాలం తన బోరుకూ నన్నే పిలిచాడు. ఆయనకూ పడ్డాయి. ఆపైన నా చదువుతో ఎవరికీ పని లేకపోయింది, చెయ్యి మాత్రం ఊరందరిదీ అయింది.

ఆ చేత్తోనే బోర్లను అదుపు చేసే నియమాలు రాయాల్సి వచ్చిందంటే నవ్వాలో ఏడవాలో నాకిప్పటికీ తెలియదు. యూనివర్సిటీలో పర్యావరణ చట్టం పాఠాలు చెప్పుకుంటున్న నన్ను ప్రభుత్వం డిప్యుటేషన్ మీద రాజధానికి పిలిపించుకుంది. బోరుకూ బోరుకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, ఊరి మంచినీళ్ల బోరు దగ్గర ఎవరూ ఎందుకు తవ్వకూడదు, ఇవీ నేను రాసిన ముసాయిదాలు. అక్కడ నోరు తెరిస్తే అధికారులు "మేడం క్లాసు మొదలుపెట్టారు" అని నవ్వేవారు. తిరిగొచ్చి అనంతపురంలో పాఠం చెబితే తోటి లెక్చరర్లు "జీవో చదువుతున్నారు" అనేవారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. భూమి కింద నీళ్లు ఎవరివని క్లాసులో అడిగితే, పైన భూమి ఎవరిదో వాళ్లవని పాత మాట, అందరివీ అని కొత్త మాట, రెండూ చెప్పేదాన్ని. "మీరేమంటారు మేడం?" అని అడిగితే గంట కొట్టేదాకా ఏదో ఒకటి మాట్లాడేదాన్ని.

నిరుడు ఎండాకాలం కుందుర్పి వైపున్న మా పల్లె నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. నాయన పోయాక చేనంతా వాడే చూసుకుంటున్నాడు, చీనీ తోట, అదే బత్తాయి, పెట్టాడు. నాయన వేయించిన బోరు ఎండిపోయింది.

"అక్కా, లారీ మాట్లాడినా. పొద్దున్నే రావల్ల నువ్వు. కాయ నువ్వే కొట్టల్ల."

"పాయింట్ యాడ?"

"చిన్నాయన గట్టు పక్కన. ఇంగ యాడా లేదంట."

వద్దని చెప్పడానికే వెళ్లాను. తోటలోకి అడుగు పెట్టేసరికి ఆకులు దొప్పల్లా ముడుచుకుని ఉన్నాయి, గోలీలంత కాయలు నేల రాలి ఉన్నాయి. చెప్పాలనుకున్నదంతా మరిచిపోయాను. చిన్నాయన లారీ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయనైనా అడ్డం చెబితే బాగుండునని ఆశపడ్డాను.

"వాని చెట్లు సస్తాంటే వద్దని నేనెట్ల అనేది పాపా? నువ్వు ఎట్ల చెప్తే అట్ల," అన్నాడాయన.

అందరూ నా చేతివైపు చూస్తున్నారు. ఈడ వేస్తే చిన్నాయన బోరు ఎండిపోతుంది, వద్దు అన్నాను. నా గొంతు నాకే ఆఫీసు గొంతులా వినిపించింది.

"నువ్వు రాసిన రూలే కదా, నువ్వే కొట్టేయ్ మల్ల," అన్నాడు తమ్ముడు.

"రాసేదాకే అది నాది."

వాడు కాయను సంచిలో వేసుకున్నాడు. "ఊరందరికీ అక్కవు. నాకు మాత్రం సర్కారు."

లారీ వెనక్కి పోయింది. చిన్నాయన తన బోరు నుంచి గట్టు మీదుగా పైపు వేయించి తమ్ముడికి నీళ్లిచ్చాడు. అవి సగం తోటకే సరిపోయాయి. ఆ సగం బతకాలని మిగతా సగం వాడే గొడ్డలితో నరికేశాడు. నేను గట్టు మీద నిలబడి చూశాను. కారులో కూర్చుని ఏడ్చాను కానీ, తప్పు చేసినందుకా, సరిగ్గా చేసినందుకా అంటే చెప్పలేను. తర్వాత చాలా నెలలు వాడు నాతో మాట్లాడలేదు.

ఈ ఏడు వానలు ముఖం చాటేశాయి. పక్కన కొత్త బోరు పడకపోయినా చిన్నాయన బోరు ఎండిపోయింది. దాంతో తమ్ముడి పైపూ ఎండింది. మరి నేను దేన్ని కాపాడినట్టు? ఈ ప్రశ్న పరీక్షలో ఇస్తే నాకే సున్నా వస్తుంది.

పోయిన ఆదివారం ఇద్దరూ ఒకే మోటార్‌సైకిల్ మీద బుక్కరాయసముద్రంలోని మా ఇంటికి వచ్చారు. చిన్నాయన సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు.

"పాయింట్ దొరికిందిమ్మా. ఊరి మంచినీళ్ల బోరు పక్కనుండాది మా కయ్య, ఆ మడిలో. నీళ్లు పడితే నీ తమ్మునికీ పైపు ఏస్తా. ఒక్కసారి నీ చేత్తో కొట్టు పాపా."

కాయ నా చేతిలో పెట్టేశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కొడితే ఊరికి తాగే నీళ్లు ఏమవుతాయో తెలియదు. కొట్టకపోతే చిన్నాయన తోటా తమ్ముడి తోటా రెండూ పోతాయి. తమ్ముడు గోడకానుకుని నిలబడ్డాడు. వాడి తోట కూడా ఈ కాయ మీదే ఆధారపడి ఉందని తెలిసి వాడి ముఖం చూడలేకపోయాను.

కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లాను. పాలు పొయ్యి మీద పెట్టాక చూసుకుంటే కాయ ఇంకా చేతిలోనే ఉంది. తమ్ముడు వెనకాలే వచ్చాడు.

"అక్కా," అన్నాడు మెల్లగా, చిన్నాయనకు వినబడకుండా. "ఈతూరి గూడా వద్దనే చెప్పు. నా చెట్లు పోతే పోనీ. చిన్నాయనకు కొట్టి, నాకొక్కనికే సర్కారైనావంటే నేను ఓర్చుకోలేను."