బొట్టు పెట్టిన పొట్టేలు

ఫారం నుంచి నేరుగా మాంసం తెచ్చుకోవాలన్న ఆలోచన మాకు మోండా మార్కెట్‌లో పుట్టింది. ఆదివారం పూట గంటసేపు నిలబడి, చివరికి ఎముకలూ కొవ్వూ మోసుకొచ్చి విసిగిపోయాం. లాలాగూడలో మా పక్కింటి యాదమ్మక్క అంది, "నాలుగిండ్లోళ్ళం కలిసి ఒక పొట్టేలు తెద్దాం చెల్లె, పోగులేసుకుందాం." పోగులంటే, కార్జం నుంచి బోటీ దాకా అన్నీ పడేలా ఇంటికో కుప్ప పంచుకోవడం. కాళ్ళు నాలుగూ అక్కకేనని అందరం ముందే ఒప్పుకున్నాం. ఆమె భర్త మల్లేశన్న మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని మంచం పట్టాడు. కాళ్ళ షోర్వా తాగితే ఎముక తొందరగా అతుక్కుంటుందని ఆమె నమ్మకం.

పొద్దున ఆరింటికల్లా అక్కా నేనూ ఆటోలో బయల్దేరాం. వెయిటింగ్‌తో కలిపి రానూపోనూ పన్నెండు వందలు. అల్వాల్, తూంకుంట మీదుగా శామీర్‌పేట దాటి మట్టిరోడ్డులోకి తిరగడానికి గంట పైనే పట్టింది. ఫారం గేటుకి "మీ కళ్ళ ముందే కోత" అని ఇంత పెద్ద బోర్డు. మార్కెట్ కంటే కిలోకి వంద తక్కువ. దొడ్డిలో నుదుట తెల్లమచ్చ ఉన్న నల్ల పొట్టేలు అన్నిటికంటే ముందు నిలబడి ఉంది. అదే కావాలన్నాం. యాదమ్మక్క కొంగుముడి విప్పి కుంకుమ తీసి, ఆ మచ్చ మీద బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. బొట్టు పెట్టకుండా ఏ జీవాన్నీ ఆమె కోయించదు.

"మీరు రోడ్డు మీద చాయ్ తాగి రాండ్రి మేడం. ఆడోళ్ళు చూస్తే పరేషాన్ అయితరు," అన్నాడు మేనేజరు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తిరిగొచ్చేసరికి ప్యాకెట్లు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే వేళ్ళు జివ్వుమన్నాయి. అప్పుడే కోసిన మాంసం గోరువెచ్చగా ఉండాలి కదా. తల లేదు, కాళ్ళు లేవు. అడిగితే, "అవి వేరే ఆర్డర్ల పోయినయి," అన్నాడు. అక్క దొడ్డి వైపు నడిచి నన్ను పిలిచింది. తెల్లమచ్చ మీద ఎర్రటి బొట్టుతో మా పొట్టేలు నింపాదిగా గడ్డి నములుతోంది.

"మరి గీ కూర ఎవ్వలది సారూ?" అంది అక్క.

"జెర కన్ఫ్యూజన్ అయింది, రేటు తగ్గిస్తా," అన్నాడతను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో మనిషి కాలు కదపలేక ఎదురుచూస్తుంటే ఫ్రిజ్‌లో సరుకు అంటగట్టి, పైగా బేరమా? ఇంతలో కారులోంచి ఒక జంట దిగి, సరిగ్గా ఆ పొట్టేలునే చూపించారు. పనివాడు అలవాటుగా, "మంచి సెలక్షన్ సార్, చాయ్ తాగి రాండ్రి," అన్నాడు. "అది మాది, బొట్టు చూడండి," అని గట్టిగా చెప్పాను. వాళ్ళు ఆ బొట్టునీ, బల్ల మీది ప్యాకెట్లనీ చూసి మళ్ళీ కారెక్కారు. మేము మాత్రం ఆ ప్యాకెట్లు వద్దని, మా పొట్టేలును కోసేదాకా కదల్లేదు. ఎండలో నిలబడి అంతా చూశాం, పరేషాన్ ఏమీ కాలేదు.

ఇంతకుముందు ఆ ఒక్క పొట్టేలును ఎన్ని ఇళ్ళకు అమ్మారో. మోసం కంటే, మన కళ్ళు కప్పడాన్ని మర్యాదగా చూపించడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మీరూ వెళ్తే నా సలహా ఒకటే: చాయ్ ఫ్లాస్కులో పట్టుకెళ్ళండి, కోత అయ్యేదాకా గేటు దాటకండి.

సాయంత్రం యాదమ్మక్క వరండాలో పోగులు వేశాం. షోర్వా గిన్నె అందుకుంటూ మల్లేశన్న అనుమానంగా అడిగాడు, "ఇవన్న మన పొట్టేలు కాళ్ళేనా?"

అక్క గంప మీది గుడ్డ తీసి తలకాయ చూపించింది. "బొట్టు సుత చెరగలే, తాగు."