నాన్న దొరగారికి రాసిన ఉత్తరం

మా ఊళ్ళో నేను విమానాలు కడుగుతానని చెప్పుకునేవారు. ఆలూరు పక్కన, వానను నమ్ముకుని బతికే పల్లె మాది. నాన్న మిషన్ బడిలో అయ్యవారు. మాలాంటి ఇంటి పిల్లవాడి చేతికి సర్కారు యుద్ధవిమానం ఇస్తుందంటే రెడ్డిగారి అరుగు మీద ఎవరూ నమ్మలేదు. సెలవుకు వెళ్ళినప్పుడు ఒకాయన మొహం మీదే అడిగాడు. "ఏమప్పా, నీళ్ళు పోసి కడుగుతారా, ఉత్త గుడ్డతోనే తుడుస్తారా?"

నవ్వాను గాని ఆ మాట లోపల ముల్లయి కూర్చుంది. "ఎప్పుడన్నా ఊరి మీదుగా పంపితే రెక్కలు ఊపుతాను, చూస్తూ ఉండు" అని నాన్నతో అన్నాను.

ఇది యాభైల నడిమి మాట. అప్పుడు నేను హైదరాబాదు దగ్గర యుద్ధవిమాన శిక్షణ కేంద్రంలో ఉన్నాను. మామూలు విమానం నడపడం వచ్చినవాళ్ళకు అక్కడ ఒంటి సీటు జెట్ విమానాలు నేర్పేవారు. పక్కన గురువుండడు, తప్పు చేస్తే దిద్దేవాడుండడు. పొద్దున్నే ఆ రోజు ఎగిరేవాళ్ళ పేర్లు పలక మీద రాసేవారు. పేరుంటే భయం, లేకపోతే ఇంకా భయం. పల్లెల మీద కిందికి దిగి ఎగిరితే ఇంటికి పంపేస్తామని మొదటి రోజే చెప్పారు. మాతోటివాడొకడు తనకు నిశ్చయమైన పిల్ల ఇంటి మీద చక్కర్లు కొట్టి, మూడో రోజుకల్లా ట్రంకుపెట్టెతో లారీ ఎక్కాడు.

అన్నీ తెలిసే చేశాను. ఆ రోజు నన్ను ఒంటరిగా గుంతకల్లు జంక్షన్ దాకా పోయి రమ్మన్నారు. అక్కడినుంచి మా ఊరు మూడు నిమిషాలు. బడి పెంకులు, చర్చి మీది సిలువ కనిపించగానే దిగాను. చింతచెట్టు ఎత్తున రెక్కలు ఊపుకుంటూ ఊరి మీదుగా దూసుకుపోయాను. శనక్కాయ పెరుకుతున్న ఆడవాళ్ళు చేలో బోర్లా పడుకోవడం లీలగా కనిపించింది. నా ధ్యాసంతా రెడ్డిగారి అరుగు మీదే.

ఐదు రోజులు ఏమీ కాలేదు. తర్వాత నాన్న కార్డు వచ్చింది. ఊరంతా చూసిందట, రెడ్డిగారు పిలిచి కుర్చీ వేశారట. వెంటనే క్షేమం రాయమన్నాడు. చివర ఒక వాక్యం: "నిన్ను మన ఊరి మీదికి పంపినందుకు మీ పెద్ద దొరగారికి కూడా వేరే ఉత్తరం రాసినాను."

నాన్న లెక్కలో సర్కారు విమానం సర్కారు చెప్పిన చోటికే పోతుంది. కొడుకు దొంగతనంగా వచ్చాడన్న ఆలోచన ఆయనకు కలలో కూడా రాదు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని బడిలో చెప్పేవాడు. ఈ గోతిని మాత్రం ఇద్దరం చెరో పక్కనుంచి తవ్వాం. టపా వచ్చే వేళకు ఆఫీసు చుట్టూ తిరిగాను. అన్నం సయించలేదు. విమానం సరిగ్గా దింపలేక తిట్లు తిన్నాను. ఇంటికి క్షేమం రాయాలన్న సంగతే మరిచిపోయాను.

నాలుగో రోజు కమాండరు పిలిపించాడు. ఉత్తరాది మనిషి, మాట తక్కువ. బల్ల మీద నాన్న దస్తూరి.

"గుమాస్తాకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదట. చదువంతా ఉర్దూలో సాగిందట. నువ్వు చదివి చెప్పు" అన్నాడు.

దేవుడే దారి చూపించాడనుకున్నాను. నాన్న నా ఆరోగ్యం అడుగుతున్నాడని చెప్పేస్తే సరి. అబద్ధాన్ని నోట్లో సిద్ధంగా పెట్టుకుని చదవసాగాను. మొదటి పేజీ నిండా కృతజ్ఞతలే. కాగితం తిప్పాను.

"అయ్యా, ఒక మనవి. ఇది మావానికి తెలియనియ్యవద్దు. ఆ పొద్దు వాళ్ళమ్మ చేలో ఉన్నింది. రెక్కలు అట్ల ఊగేది చూసి, బిడ్డ పడిపోతాండాడని విమానం ఎంబడి పరిగెత్తింది. మోకాళ్ళు కొట్టుకపోయినాయి. యాడ పడినాడోనని పొద్దుగూకేదాకా గుట్టల్లో ఎతికింది. పడలేదంటే నమ్మదు. రెండు దినాలాయ, కూడు ముట్టలేదు. వాణ్ణి అంత కిందికి పంపొద్దని దొరగారికి చెప్పమంటాంది."

ఆ వాక్యాలే మళ్ళీ మొదటినుంచి చదివాను.

"ఏమంటున్నాడు?" అన్నాడు కమాండరు.

అబద్ధం బయటికి రాలేదు. రెండు పేజీలూ ఉన్నదున్నట్టు చెప్పాను. ఎందుకు చేశావన్నాడు. అరుగు మీది మాట చెబుదామనుకున్నాను. అమ్మ మోకాళ్ళు గుర్తొచ్చి సిగ్గేసి, తప్పు నాదేనని మాత్రం అన్నాను.

"నిన్ను ఇంటికి పంపాలి. నిజం చెప్పావు కాబట్టి పంపడం లేదు. కానీ యుద్ధవిమానాలు ఇక నీకు లేవు. సరుకులు మోసే విమానాలకు పో" అన్నాడు. తర్వాత ఒక తెల్లకాగితం నా ముందుకు తోశాడు. "మీ అమ్మగారికి రాయి. అంత కిందికి పంపడం నా పొరపాటని రాయి. ఇక పంపనని రాయి."

రాశాను. తనకు చదవరాని ఆ అక్షరాల కింద ఆయన సంతకం చేశాడు. అదే కలంతో నా బదిలీ కాగితం మీద కూడా చేశాడు.

పెట్టె సర్దుకుంటున్న రోజున నాన్న జవాబు వచ్చింది.

"మీ అమ్మ అన్నం తినింది. మీ దొర శానా మంచోడు. అంతటోడు తప్పు ఒప్పుకున్యాడు. నువ్వు ఆయన్ను ఇడిసిపెట్టొద్దు నాయనా. ఆయన దగ్గర్నే ఉండి బుద్ధిగా నేర్చుకో."