మా తాతనే అడగండి

నా చిన్నప్పుడు మా వీధిలో అందరికన్నా నిటారుగా నడిచే మనిషి మా తాతయ్య. ఆయనకి రెండు కళ్లూ కనిపించవు. మిలటరీలో ఉండగా సరిహద్దులో ఏదో పేలి చూపు పోయిందని అమ్మ చెప్పేది. ఆయన మాత్రం ఆ సంగతి ఎత్తేవాడు కాదు. ఎవరైనా అడిగితే అక్కడి చలి గురించీ, ఎండిపోయిన రొట్టెల గురించీ, నిద్రలో పాటలు పాడే ఒక పంజాబీ స్నేహితుడి గురించీ చెప్పి నవ్వించి మాట మార్చేసేవాడు. అమ్మమ్మ పోయాక విజయనగరం దగ్గర పల్లె నుంచి అమ్మ ఆయన్ని కూర్మన్నపాలెంలోని మా ఇంటికి తెచ్చుకుంది. నాన్న స్టీలు ప్లాంటులో షిఫ్టులకి వెళ్లేవాడు, అమ్మకి ఇంట్లో తీరేది కాదు. అందుకని బడి లేని వేళల్లో తాతయ్యకి తోడుగా వెళ్లే పని నాకు పడింది. తొంభైల మధ్యలోని మాట ఇది. నాకప్పుడు పదేళ్లు.

ఆ పనంటే నాకు భలే గొప్పగా ఉండేది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసేవాడు, నేను అరడుగు ముందు నడిచేదాన్ని. దారిలో ఎవరు ఎదురైనా ఆయన్ని కాక నన్నే అడిగేవారు. మీ తాత టీ తాగుతాడా, మీ తాతకి రాత్రి నిద్ర పడుతుందా, మీ తాత కాస్త పక్కకి జరుగుతాడా. అన్నిటికీ నేనే జవాబు చెప్పేదాన్ని. అంతంత పెద్దవాళ్లు నన్ను అడుగుతుంటే నేనేదో ఆఫీసరునైపోయినట్టుండేది.

ఒకరోజు మంగలి షాపులో, కత్తెర పట్టుకున్నాయన అలవాటు ప్రకారం నావైపు తిరిగి, "మీ తాతకి మీసం తగ్గించీమంటావా?" అన్నాడు. తగ్గించమన్నాను. తాతయ్య నోరు తెరిచేలోపే ఒకవైపు పోయింది. ఇక రెండోవైపూ తీయక తప్పలేదు. మిలటరీ రోజుల నుంచీ నూనె రాసి పెంచుకున్న మీసం అది. ఇంటికొచ్చేదాకా ఆయన పైపెదవి తడుముకుంటూనే ఉన్నాడు.

మర్నాడు ఆదివారం. నన్ను టిఫిన్ హోటలుకి తీసుకెళ్లాడు. ఏం కావాలమ్మా అని సర్వరు నన్నడిగితే, "దానికి ఉప్మా ఎట్టు" అన్నాడు తాతయ్య. నాకు ఉప్మా అంటే గిట్టదని ఆయనకి తెలుసు. తర్వాత ఫ్యాన్సీ షాపులో ఏ రంగు రిబ్బన్లు పాపా అంటే, నేను ఎర్రవి చూస్తుండగానే, "నల్లవియ్యి" అన్నాడు. దారిలో పక్కింటి అత్త ఎదురై ఏ క్లాసుకొచ్చావే అంటే, "నాలుగు" అని చెప్పేశాడు. నేను ఐదు చదువుతున్నాను! ఇక పట్టలేక రోడ్డు మీదే అరిచాను.

"నా నోరు నాకున్నాది కదా తాతా! నన్నడిగితే నువ్వు సెప్తావేటి?"

ఆయన నవ్వుతూ కల్వర్టు గోడ తడిమి కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా అన్నాడు. "నాకూ ఉన్నాది కదే నోరు. పోనాయి కళ్లే."

అంతే. కేకలెయ్యలేదు, మీసం మాట ఎత్తలేదు. వెనక్కి వెళ్లి నల్ల రిబ్బన్లు మార్చి ఎర్రవి ఇప్పించాడు. ఆ రాత్రి అన్నం సయించక తల దించుకుని కూర్చుంటే ఏమైందే అని అమ్మ అడిగింది. తాతయ్య పక్కనే ఉండి కూడా ఈసారి నా తరపున జవాబు చెప్పలేదు.

కొన్ని నెలలకి దువ్వాడ స్టేషన్లో సినిమా తీస్తున్నారని తెలిసి మా వీధంతా కదిలింది. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, "పద, ఆ సందడేటో ఇందాం" అన్నాడు. పక్క లైన్లో ఒక ఖాళీ రైలుపెట్టె నిలబెట్టి, అందులోంచి హీరో దిగుతున్నట్టు తీస్తున్నారు. హీరో నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. జనం నన్ను తోసేస్తుంటే మునివేళ్ల మీద నిలబడి, కనిపించిందంతా తాతయ్యకి చెబుతున్నాను. అంతలో టోపీ పెట్టుకున్న ఒకాయన మమ్మల్ని చూసి గబగబా వచ్చాడు. డైరెక్టరు గారి అసిస్టెంటట. నా ముందు వంగి అన్నాడు.

"పాపా, మీ తాతని ఆ బెంచీ మీద కూర్చోబెడతావా? ముందు ఒక గిన్నె పెడతాం. చెయ్యి చాపితే చాలు. నువ్వు కూడా పక్కనే ఉండొచ్చు. హీరో మీ ముందు నుంచే వెళ్తాడు."

సినిమాలో నేను! మా క్లాసు పిల్లలు గోడెక్కి చూస్తున్నారు. నేను సరేనంటే తాతయ్య కాదనడు, నా మాట తీసెయ్యడం ఆయన వల్ల కాదు. ఆయన్ని అడిగితే మాత్రం ఏమంటాడో నాకు తెలుసు. నోటిదాకా వచ్చిన 'సరే'ని మింగడం నాకు అంతకుముందెప్పుడూ రాని పని.

"మా తాతనే అడగండి" అన్నాను.

"నువ్వు చెప్తే వింటాడు కదమ్మా?"

"ఇంటాడు. అందుకే తాతనే అడగమంటన్నాను."

నా భుజం మీదున్న తాతయ్య చెయ్యి ఒక్కసారి బిగిసింది. అసిస్టెంటు లేచి నిలబడి, ఈసారి ఆయనతోనే మాట్లాడాడు. మాటల్లో తెలియకుండానే సార్ అనడం మొదలుపెట్టాడు. యుద్ధంలో కళ్లు పోయిన సిపాయి కథట. ఊరికి తిరిగొస్తే తనవాళ్లెవరూ ఉండరు, స్టేషన్లో పల్లీలు అమ్మే పిల్ల అతనికి తోడవుతుంది. రైలు దిగగానే అతనికి బిచ్చగాడి గిన్నె చప్పుడు వినబడాలి, రేపు తన బతుకూ ఇంతేనా అని భయపడాలి.

తాతయ్య అంతా విన్నాడు. "కథ బాగున్నాది బావూ" అన్నాడు. "ముష్టెత్తుకునేవోణ్ని నాను తక్కువ సెయ్యట్లేదు. కానీ నాను సిపాయినే. కళ్లు పోయి ఇరవయ్యేళ్లు దాటిపోనాది. ఒక్కరోజూ సెయ్యి సాపలేదు. ఇప్పుడు సాపితే ఆ సిపాయికి నాను అబద్దం సెప్పినట్టవుతాది. నావల్ల కాదు. రైలు కోసం ఎదురుసూసే మనిసిలాగ కూకోమంటే కూకుంటాను."

వెనక నుంచి డైరెక్టరు గారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో, ఆ మాటలు విని సరేనన్నట్టు తలూపారు. మంచి మనిషి. తర్వాత నవ్వి, "మరి పాప సంగతేంటండీ?" అని తాతయ్యని అడిగారు.

"దాని మాట దాన్నే అడగండి" అన్నాడు తాతయ్య.

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. నేను నవ్వలేదు. అంతమంది ముందు ఆయన ఆ మాట అన్నందుకు నా వెన్ను దానంతటదే నిటారయింది. "నానూ కూకుంటాను" అన్నాను.

గిన్నె తీసేశారు. ఏదో ఒకటి మాట్లాడుకుంటూ ఉండమన్నారు. కెమెరా తిరుగుతుండగా తాతయ్య కూరేమిటని అడిగాడు, చేపల పులుసని చెప్పాను. హీరో మా ముందు ఆగి మా మాటలు విని, ముందుకు అడుగేశాడు. రెండోసారి తీసినప్పుడూ మేం చేపల గురించే మాట్లాడుకున్నాం.

ఆ సినిమా గాజువాకలో ఆడినప్పుడు మా వీధి వీధంతా వెళ్లింది. మేము తెర మీద ఉన్నది కాసేపే. మా మాటలు వినబడలేదు, సంగీతం వేశారు. కానీ తాతయ్య ఆ బెంచీ మీద ఎలా కూర్చున్నాడు! స్టేషనంతా తనదే అన్నట్టు. ఈలలు మోగాయి. "ఎలాగున్నానే?" అని ఆయన నా చెవిలో అడిగితే, "మిలటరీవోడిలాగున్నావు తాతా" అన్నాను. నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

తిరిగొస్తుంటే బస్సులో పక్కింటి మావయ్య, "మీ మనవరాలు సినిమాలో పడ్డాది, ఇంకేటి కావాలి మీకు?" అన్నాడు. అందరికీ వినపడేలా తాతయ్య చెప్పిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"సినిమాలో ఎవులైనా పడతారు. నా మనవరాలు నా మాట నాకే వొదిలింది. అంత ఆశ కడుపులో ఎట్టుకుని పదేళ్ల పిల్ల నోరు మూసుకున్నాదంటే, మా రెజిమెంటులో కూడా అలాటోళ్లని తక్కువమందినే సూసాను."

నాకు చాలా మెప్పులు వచ్చాయి తర్వాత, చదువులోనూ ఉద్యోగంలోనూ. ఏదీ ఆ బస్సులో మాటకి సాటి రాలేదు.

ఇప్పుడు అమ్మ మధురవాడలో నా దగ్గరే ఉంటోంది. చెవులు సరిగా వినపడవు. ఆసుపత్రికి తీసుకెళ్తే, వయసులో చిన్నవాడైన డాక్టరు నావైపే తిరిగి, "ఆవిడకి నొప్పి ఎక్కడండీ?" అంటాడు. నాకు తెలుసు, చెప్పగలను. బయట పేషంట్లు వరుసలో ఉన్నారనీ తెలుసు. అయినా ఆవిడనే అడగండి, కాస్త గట్టిగా అడగండి అంటాను. నా కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటాను. అమ్మ చీర కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెడుతుంది.