మళ్ళీచూడు

మెకానిక్ షెడ్లున్న ఆ వీధిలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చెడిపోయిన కార్లని లాక్కెళ్ళే బండి అతనిది. కారుని బండి వెనక కట్టుకుని కూతవేటు దూరం వెళ్ళాడో లేదో, ఎవరెంత తొందరపెట్టినా సరే, పక్కకి ఆపేవాడు. దిగి, పట్టీలన్నీ లాగి చూసి, అప్పుడు మళ్ళీ కదిలేవాడు. అందుకే మెకానిక్కులంతా కలిసి ‘మళ్ళీచూడు’ అని పేరు పెట్టారు. మొదట్లో అది వెక్కిరింపే. పోనుపోను “కారు మీద గీత పడకూడదంటే మళ్ళీచూడుని పిలవండి” అని వాళ్ళే చెప్పేదాకా వచ్చింది.

“టైరూ మనిషి లాంటిదే. కొత్త చోట ముందు బిగుసుకుని కూర్చుంటుంది. నాలుగు కుదుపులు తిన్నాక గానీ సర్దుకోదు. అది సర్దుకుంటే పట్టీ వదులవుతుంది,” అనేవాడు.

భార్య నవ్వేది. “వేసిన తాళం మళ్ళీ వచ్చి లాగి చూసే మనిషి, నన్ను మాత్రం ఒక్కసారి చూసి ఒప్పేసుకున్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు పాపం!”

ఆమె పోయి నెల దాటింది. ఆ పొద్దున “ఒంట్లో ఎలాగో ఉంది” అంది. గుమ్మంలో ఆగి చూశాడు. “ఏం లేదులే, మీరెళ్ళండి” అంది. వెళ్ళాడు. సందు మలుపులో కాలు ఆగింది కూడా, వెనక్కి వెళ్ళి చూద్దామా అని. ఇంతలో ఫోను మోగింది. ఎవరిదో కారు ఆగిపోయిందట. అటే వెళ్ళాడు. సాయంత్రం వచ్చేసరికి ఆమె లేదు.

అంతే. ఏడవలేదు. పెడితే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు, గిల్లినా తెలియనట్టు ఉండేది.

ఇవాళే మళ్ళీ పనిలోకి బయల్దేరాడు.

“ఇంకో నాలుగు రోజులు ఆగకూడదా నాన్నా?” అంది కూతురు, మంచం మీద నుంచి లేవకుండానే.

“కూర్చుని ఏం చెయ్యనమ్మా? నువ్వేంటి, ఇంకా లేవలేదు?”

“కొంచెం తలనొప్పి. ఏం లేదులే, నువ్వెళ్ళు.”

వెళ్ళాడు.

రిటైరైన లెక్కల టీచరమ్మ కారు, వంతెనకి చాలా ఇవతల, క్లచ్ పోయి ఆగిపోయింది. ఆవిడ స్టీరింగ్ ముందు నుంచి కదల్లేదు.

“నేనిందులోనే కూర్చుంటా నాయనా. మీ బండెక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు.”

“లాక్కెళ్ళే కారులో మనిషి ఉండకూడదమ్మగారూ. రండి, స్టూలేస్తాను.”

తర్వాత అతని చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. గేరు న్యూట్రల్‌లో పెట్టాయి. ముందు చక్రాల్ని ఇనప చట్రంలోకి ఎత్తి, పట్టీలు బిగించాయి. గొలుసులు తగిలించి, హ్యాండ్‌బ్రేక్ దించి, కారు వెనక ఎర్ర లైటు పెట్టాయి. ఎవరి చేతులనో చూస్తున్నట్టు చూశాడు.

బండి కదిలింది. కూతవేటు దాటింది. ఆపలేదు. పెట్రోలు బంకూ దాటింది. ఎదురుగా వంతెన ఎత్తు, దాని అవతల నిట్టనిలువు దిగుడు.

“ఏమయ్యా, మళ్ళీచూడువి నువ్వేనా, ఇంకెవర్నైనా పంపారా?” అంది పక్క సీట్లోంచి టీచరమ్మ.

“నేనేనండి.”

“మధ్యలో ఆపి చూస్తావన్నారే?”

“గట్టిగానే కట్టానండి.”

“గట్టిగా కట్టావా అని అడగలేదు, చూశావా అని అడిగాను. ‘లెక్క కరెక్టే టీచర్’ అని ఒట్టేసేవాడి పేపరే నేను ముందు దిద్దేదాన్ని!”

“ఇప్పుడు చూసి ఏం లాభమండీ,” అన్నాడు రోడ్డు వైపే చూస్తూ. ఆవిడకి చెప్పిన మాట కాదది. చూడాల్సినప్పుడు చూడనివాడు పట్టీలూ గొలుసులూ చూసి ఎవర్ని ఉద్ధరించాలి?

“నీ లాభం సంగతి నాకు తెలీదు. అటు దిగేటప్పుడు నా కారు ఊడిందంటే ఎవరి మీద పడుతుందో. ఆపు.”

ఆపాడు. దిగాడు. ఎడమ పట్టీ బిగువుగానే ఉంది. కుడి పట్టీ కింద వేలు పెట్టబోతే అరచెయ్యి మొత్తం దూరిపోయింది.

భయం వెయ్యాలి. వేస్తుందేమోనని కాసేపు చూశాడు. వెయ్యలేదు. పట్టీ బిగించాడు. లాగి చూశాడు. ఇంకోసారి లాగి చూశాడు. రెండో పక్కదీ చూశాడు.

“ఎలా ఉంది?”

“వదులైందండి.”

ఇంకో చురక వేస్తుందనుకున్నాడు. ఆవిడ అతని మొహం చూసి “సరే, నిదానంగా పద,” అని మాత్రం అంది.

కారు గీత పడకుండా షెడ్డు చేరింది. వెంటనే ఫోను. పక్క వీధిలోనే ఎవరిదో బండి ఆగిందట.

“కాసేపాగి వస్తాను. లేదంటే ఇంకొకర్ని పిలుచుకోండి,” అని పెట్టేసి ఇంటికి తిప్పాడు.

కూతురు మంచం మీదే ఉంది. “ఏంటి నాన్నా, ఏమైనా మర్చిపోయావా?”

“లేదు. చూసి పోదామని.”

“నన్నా? తలనొప్పేగా!”

నుదుటి మీద చెయ్యి వేశాడు. వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియలేదు.

“ఛీ, గ్రీజు కంపు!” అని మొహం తిప్పుకుంది.

పెరట్లోకి వెళ్ళి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. తుడుచుకుని వచ్చి, మళ్ళీ చూశాడు.