భూమధ్యరేఖ దాటిన గాలి

కోకిల రాయపురంలో భూగోళం టీచరు. మన శీతకాలపు ఈశాన్య గాలి దక్షిణానికి పోయి, భూమధ్యరేఖ దాటాక పక్కకు మళ్ళి వాయవ్య గాలి అవుతుందని ఏటా పిల్లలకు చెబుతుంది. ఉత్తరాన చలి ముదిరితే ఆ గాలే అవతల జావా సముద్రాన్ని అల్లకల్లోలం చేస్తుంది. ఈ సంగతి ఆమెకు పుస్తకంలోకన్నా భర్త నోటనే బాగా అర్థమైంది. అమరనాథ్ సరుకు ఓడలో ఇంజనీరు.

నిరుడు జనవరిలో అతను ఫోన్ చేసేసరికి ఆమె మిద్దె మీద బట్టలు తీస్తోంది.

“ఈడ గాలి సుఖంగా ఉండాది. చీరలు అప్పుడే ఆరిపోయినాయి. ఆడ ఎట్లుండాది?”

“నీకు సుఖంగా ఉండే గాలే ఈడ మమ్మల్ని కొడతా ఉండాది,” అని నవ్వాడు. “రేఖ దాటేసినాం. ఓడ శానా ఊగతా ఉండాది. అమ్మకు చెప్పబాక.”

మర్నాడు ఓడ మునిగిందని కబురొచ్చింది. కొందరిని పడవలవాళ్ళు కాపాడారు. అమరనాథ్ జాడ లేదు.

“శవం కళ్ళబడకుండా నా కొడుకు పోయినాడని ఎవురూ అనకూడదు,” అంది అత్త వెంకటలక్ష్మి. కోడలి బొట్టు తీయనివ్వలేదు. కొడుకు చొక్కాలు ఉతికి మడతపెడుతూనే ఉంది.

కోకిలకూ ఆశ చావలేదు. గాలి వాయవ్యం నుంచి వీస్తోంది కాబట్టి, నీళ్ళలో తేలే మనిషి ఆగ్నేయానికి కొట్టుకుపోవాలి. ఆ దిక్కున చిన్నచిన్న దీవులు బోలెడున్నాయి. గోడమీది పటంలో వాటి చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టింది. ఆ ఊళ్ళ ఆసుపత్రులకు ఫోన్లు చేసింది. భాష రాక, పేరు మాత్రం మళ్ళీమళ్ళీ చెప్పేది.

ఆరు నెలలకు, ఆడి (ఆషాఢ) మాసంలో కార్తీ వచ్చాడు. అదే ఓడలో పనిచేసి, బతికి బయటపడ్డ మనిషి. పటంలోని సున్నాలను ఒక్కొక్కటిగా చూశాడు.

“అక్కా, సార్ నీళ్ళలో దూకలా,” అన్నాడు చివరికి. “పంపు నిలిచిపోతే సరి చేస్తానని కిందికి పోయినారు. పైకి రాకముందే ఓడ ఒరిగిపోయింది.”

అంటే గాలి అతన్ని ఎక్కడికీ తీసుకుపోలేదు. ఇన్నాళ్ళూ తను వెతికిన నీళ్ళ మీద అతను ఎన్నడూ లేడు. కోకిల ఏడవలేదు. రబ్బరు తెచ్చి సున్నాలన్నీ చెరిపేసింది.

శవం దొరకనివాళ్ళకు చేసేలా దర్భలతో బొమ్మ చేసి దహనం జరిపిద్దామని కోకిల అన్నప్పుడు అత్త మండిపడింది.

“గడ్డిని కాల్చి నా బిడ్డంటావా? నేను రాను పో!”

“మీరు రావద్దు అత్తా. నేను పోయొస్తా. ఆయన్ని ఆ ఇంజను కాడే ఇంకా ఎన్నాళ్ళు నిలబెట్టేది?”

పురోహితుడి వెంట ఒక్కతే వెళ్ళింది. బొమ్మ నిమిషాల్లో కాలిపోయింది. చితాభస్మమంటూ పిడికెడు కూడా మిగల్లేదు. ఉన్నదే సముద్రంలో కలిపి ఇల్లు చేరింది.

వెంకటలక్ష్మి గడపలో కూర్చుని ఉంది. తెల్ల జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కొడుకు కోసం మైలస్నానం చేసేసింది.

“నీకూ నీళ్ళు తోడిపెట్టినాను,” అంది తలెత్తకుండా. “పోసుకోని రా.”