మీది చెలక మన్ను

పోయిన వారం వ్యవసాయ శాఖ పిల్ల మా ఇంటికచ్చి, మట్టి పరీక్ష కాయిదాలు రెండు నా చేతుల పెట్టింది. ఒకటి ఎత్తు మీదుండే మా మీది చెలకది, ఒకటి దాని కింది చెలకది. అద్దాలు దొర్కక నేను ఇల్లంత ఎతుకుతుంటే ఆ పిల్లనే సదివి చెప్పింది. "రెండు చెలకల మన్ను ఒక్క తీరుగనే ఉన్నదమ్మా. మీది చెలక ఎన్కట పాడైందంటిరి గద, దానికి గింత బలం ఎట్లచ్చింది? ఏమేసిన్రు?" అన్నది. ఏమేసినమని చెప్పాలె! ముందు నవ్వచ్చింది, ఎనుకనే ఏడుపచ్చింది. చాయ పెడుతనని లోపలికి పోయి కొంగుతోని కండ్లు తుడుసుకున్న. ఆ చెలకను పాడు చేసింది నేను, బాగు చేసింది మా అత్త.

మాది కోరుట్లకు జగిత్యాలకు నడుమనుండే ఊరు. అప్పుడు వరుసగ వానలు ఎగ్గొట్టినయ్. బోర్లు ఎండినయ్, మక్క ఎండింది, పసుపు మాటనే మరిచినం. ఇంటికొక్కడన్నట్టు మొగోళ్లు దుబాయికో మస్కట్‌కో పోతున్నరు. బస్టాండుల ఏడ్సే ఆడోళ్లను సూసి, గింత ఏడుపెందుకని అనుకునేదాన్ని. నా వంతు అచ్చినంక ఎరుకైంది.

మా అత్త సంగతి చెప్పాలె. మనిషి బక్కగ, మాట గట్టిగ. ఏ చెలకల ఏమెయ్యాలెనో ఇంట్ల కూసోని ఎన్నడు చెప్పకపోయేది. "ఉండు, మన్నును అడిగస్త" అని లేచి పోయేది. పిడికెడు మన్ను తీసి వాసన సూసేది, తడిపి ఉండ జేసి కింద ఇడిసేది, పారతోని గుంత తీసి ఎర్రలున్నయా అని ఎతికేది. ఎర్రలంటే వానపాములే. "ఎర్రలు లేని చెలక, ముసలోళ్లు లేని ఇల్లు ఒక్కటే" అనేది. అంటే తనను మంచిగ సూసుకొమ్మని మాకు చురక! "మీ అత్త ఎవలతోని ముచ్చట పెడుతుందే?" అని పక్క చెలకోళ్లు నన్ను ఎక్కిరిచ్చేటోళ్లు.

మా ఇంటాయనకు మస్కట్ ప్రయాణం కుదిరింది గని చేతుల పైస లేదు. గప్పుడే ఇటుక బట్టీ ఆయన అచ్చిండు. "మీది చెలకల అడుగు మందం మన్ను ఇయ్యి చెల్లె, వీసా పైసలు నేనిస్త. భూమి ఎటు పోతది? రెండు వానలు పడితే మళ్ల అట్లనే అయితది" అన్నడు. అత్త ఊర్లె లేదు, మా ఆడిబిడ్డకు పానం బాగలేదని సిరిసిల్లకు పోయింది. "అమ్మ అచ్చినంక అడుగుదాం" అన్నడు మా ఇంటాయన. నేనే ఆగలె. "అడిగితే ఒప్పుకుంటదా? గందాక వీసా ఆగుతదా?" అన్న. నాలుగు రోజులు ట్రాక్టర్లు తిరిగినయ్.

అత్త అచ్చి సీదా చెలకల దిగింది. పిడికెడు మన్ను తీసి, వాసన సూసి, ఇడిసిపెట్టింది. తిడుతదనుకున్న. తిట్టినా మంచిగుండు. "మా అత్త గంపలతోని పెంట మోసిన మన్ను బిడ్డా గది" అన్నది, గంతే. రెండు రోజులు ఆమె ముంగట తలెత్తలేకపోయిన.

మా ఇంటాయన పోయిండు. ఆ ఏడు మీది చెలకల మక్క మోకాలెత్తు పెరిగి పసుప్పచ్చగైంది. ఫోన్ల ఆయన "ఇంకో రెండు బస్తాల యూరియా సల్లున్రి" అన్నడు. "ఉత్త ఎముకలకు ఎన్ని సూదులిస్తే కండ పెరుగుతదిరా?" అన్నది అత్త. మరుసటేడు చెలకంత జీలుగు ఇత్తనాలు అలికిచ్చింది. అది నడుమెత్తు పచ్చగ పెరిగినంక, పూత పట్టకముందే మొత్తం మన్నుల కలిపి దున్నిచ్చింది. ఊరంత నవ్వింది. నాకు కోపం ఆగలె. "ఇద్దరు పిల్లలు గంజికి సూస్తుంటే నువ్వు మన్నుకు తినవెడుతున్నవా?" అని లొల్లి పెట్టిన. "దాని కడుపు కొట్టింది మనమే గదనే" అన్నది. మనమే అన్నది, నువ్వే అనలె.

ఎండకాలం గొర్ల మందలచ్చేటియి. రాత్రి మంద ఎవల చెలకల పండుకుంటే ఎరువు వాళ్లకు, వడ్లు మందోళ్లకు. అత్త మేం తినే వడ్లే తీసి వాళ్లకిచ్చి, మాకు మక్క గట్క పోసింది. "గడ్డిపోస లేదు గదవ్వా, నా గొర్లేం తింటయ్?" అన్నడు మందాయన. "తినుడు ఎక్కడన్న తిననియ్యి, పండుడు మాత్రం నా చెలకల పండాలె" అన్నది. ఆయన నవ్వలేక సచ్చిండు. చెరువు ఎండిన ఏడు ఒండ్రు మట్టి తోలిచ్చింది. గట్ల ఏడాదికింత, ఏడాదికింత. మా ఇంటాయన రెండేండ్లకోసారి అచ్చి, "ఇంకా గీ మన్ను పంచాదేనా" అని నవ్విపోయేటోడు.

ఒక వానకాలం నాగలి సాల్ల ఎర్ర కనవడ్డది. తడి మన్నుతోనే పిడికిట్ల పట్టుకొని ఇంటికి ఉరికిన. అప్పటికి అత్తకు కండ్లు ఆనుతలెవ్వు, మంచం దిగుతలేదు. ఆమె అరచేతిల పెట్టిన. అది మెదిలింది. అత్త మొఖం సూడాలె అప్పుడు, చిన్న పిల్ల తీరు!

"మీది చెలకదేనా?"

"మీది చెలకదే అత్తా."

"మరెందుకు తెచ్చినవే? ఇడిసిపెట్టి రాపో, దానికి పనున్నది" అన్నది.

పోయి అదే సాల్ల ఇడిసిపెట్టిన. దసరా రాకముందే అత్త పోయింది.

చాయ తెచ్చిచ్చి, "ఏసింది మా అత్త బిడ్డా" అని చెప్పిన ఆ పిల్లకు. ఏమేసిందో రాసుకుంటనని పెన్ను తీసింది. ఏమని రాయియ్యాలె? నాలుగు రోజులల్ల నేను పంపిన మన్ను మర్లి అచ్చేతందుకు మా అత్తకు మిగిలిన ఆయుష్షంత పట్టింది.